చదునైన చోటల్లా శిఖరం కాదు

అనంతపురం

చిరంజీవి మనవరాలికి, తాతయ్య ఆశీస్సులు.

నిన్న ఫోనులో నీ గోడు మొత్తం విన్నాను. పరీక్షలో ఒక ప్రమేయానికి, అంటే ఎక్స్‌ను బట్టి మారే విలువకు, గరిష్ఠం కనుక్కోమన్నారు. అవకలజం, అంటే ఆ విలువ పెరిగే తరిగే రేటు, కనుక్కున్నావు, సున్నాకు సమానం చేశావు, ఎక్స్ విలువ రాబట్టి దాని కింద గీత గీసి ‘గరిష్ఠం’ అని రాశావు. అయినా సగం మార్కులే వచ్చాయి. ఆ పేపరు నా చేతికి వచ్చినా అంతే వేసేవాణ్ణి. ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకు ఈ పాఠం చెప్పాను. తప్పు అవకలనం చేసేటప్పుడు తక్కువ, అది అయిపోయాక ఎక్కువ.

చిన్నప్పుడు నిన్ను గుత్తి కోటకు తీసుకువెళ్ళాను, గుర్తుందా? నేల కాస్త చదునైన ప్రతిచోటా ‘పైకి వచ్చేశామా తాతయ్యా?’ అంటూ కూలబడేదానివి. అవకలజం సున్నా అంటే ఆ చదునే. అది శిఖరమో, పల్లమో, ఎక్కే దారిలో తగిలిన చదునో తేలాలంటే అటూ ఇటూ చూడాలి. అవకలజం ధనం నుంచి రుణానికి మారితే గరిష్ఠం, రుణం నుంచి ధనానికి మారితే కనిష్ఠం. ఎక్స్ ఘనానికి సున్నా దగ్గర చదునుంది, కానీ దానికి ముందూ ఎక్కడమే, తరువాతా ఎక్కడమే.

న్యూటన్ పుట్టకముందే, 1630లలో, ఫ్రాన్సుకు చెందిన ఫెర్మా ఈ కిటుకు పట్టుకున్నాడు. ఆయన వృత్తి న్యాయశాస్త్రం, లెక్కలు ఇష్టం కొద్దీ చేసుకున్నవి! అంతరం, అంటే ఎక్స్ తిరిగే పరిధి, లోపల గరిష్ఠమో కనిష్ఠమో ఉండి, అక్కడ అవకలజం కూడా ఉంటే అది సున్నా అవుతుందన్నది ఆయన పేరుతో ఉన్న సిద్ధాంతం. నువ్వు దాన్ని తలకిందులుగా చదివావు: సున్నా అయితే చాలు, గరిష్ఠమే అనుకున్నావు.

ఇంతకన్నా పెద్ద చిక్కు హద్దులది. మీ మామయ్య గొర్రెల దొడ్డికి 120 మీటర్ల ఇనుప వల తెచ్చాడనుకో. ఒకవైపు పాత గోడ ఉంది, మూడు వైపులకే వల కావాలి. గోడ నుంచి బయటికి వచ్చే పక్క ఎక్స్ మీటర్లయితే, గోడకు ఎదురుగా ఉండేది 120 లోంచి రెండు ఎక్స్‌లు పోగా మిగిలింది. ఈ రెండింటి లబ్ధం వైశాల్యం. దాని అవకలజం 120 లోంచి నాలుగు ఎక్స్‌లు తీసివేసినది. అది సున్నా అయ్యేది ఎక్స్ 30 అయినప్పుడు. వైశాల్యం 30 ఇంటూ 60, అంటే 1800 చదరపు మీటర్లు. ద్వితీయ అవకలజం, అంటే అవకలజానికి మళ్ళీ అవకలజం, రుణ నాలుగు, కాబట్టి గరిష్ఠమే.

సరే, గోడకు 20 మీటర్ల దూరంలో వంక, అదే చిన్న వాగు, అడ్డం వచ్చిందనుకో. 30 దాకా పోయే వీల్లేదు. సున్నా నుంచి 20 వరకు అవకలజం ఎక్కడా సున్నా కాదు, అంతటా ధనమే. మరి గరిష్ఠం? వంక గట్టు మీదే ఉంది: 20 ఇంటూ 80, 1600. నీ పేపరులో జరిగింది ఇదే. కొసలు చూడలేదు.

ద్వితీయ అవకలజం కూడా సున్నా అయితే దాన్నిక నమ్మకు. ఎక్స్ నాలుగో ఘాతానికి సున్నా దగ్గర అలాగే వస్తుంది, అయినా అక్కడున్నది కనిష్ఠమే. ఎక్స్ పరమ మూల్యానికి, అంటే రుణ గుర్తు తీసేసిన విలువకు, సున్నా దగ్గర అవకలజమే ఉండదు, కనిష్ఠం మాత్రం అక్కడే. చదునులు, కొసలతో పాటు అలాంటి మొనలనూ ఒక జాబితాలో రాసుకో. అన్నింటి దగ్గరా ప్రమేయం విలువ కట్టి పోల్చు. సంవృత అంతరంలో, అంటే రెండు కొసలూ కలిసిన పరిధిలో, అవిచ్ఛిన్న ప్రమేయానికి, అంటే ఎక్కడా తెగని దానికి, అంతకుమించి చూడవలసింది లేదు.

18 సెంటీమీటర్ల చదరపు అట్ట ఒకటి తీసుకో. నాలుగు మూలల్లో సమానమైన చదరాలు కత్తిరించి, అంచులు మడిచి, అత్యధిక ఘనపరిమాణం పట్టే మూత లేని పెట్టె చెయ్యి. సెలవులకు వచ్చేటప్పుడు పట్టుకురా. ఎత్తు 3 సెంటీమీటర్లు లేకపోతే కొత్త అట్ట ఇచ్చి మళ్ళీ చేయిస్తాను.

ఇట్లు,
తాతయ్య