రెండు చోట్ల మధ్య దారి ఏది?

అమ్మాయీ,

విశాఖలో ఒక రోజంతా కాలినడకన తిరిగి నువ్వు రాసి పంపిన వ్యాసం చదివాను. ఫిషింగ్ హార్బర్‌లో ఐసు మోసే కుర్రాడి మీద రాసిన రెండు వాక్యాలు బాగున్నాయి. భుజం మీది గోనెపట్టా తడిసి, చల్లటి నీళ్ళు వీపు మీదుగా కారుతుంటే అతను ఒళ్ళు విదిలించుకుంటూ నడవడం నాకు కళ్ళకు కట్టింది. ఆ రెండు వాక్యాలే లేకపోతే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. తీరా మూడో వాక్యానికి నువ్వు రాస్‌హిల్ మీద ఉన్నావు!

ఎలా వెళ్ళావమ్మా? నడిచానన్నావు కదా. హార్బర్ దాటాక చేపల వాసన ఎంత దూరం నీ వెంట వచ్చింది? వన్‌టౌన్ సందుల్లో ఎండ ఏ వైపు గోడల మీద ఉంది? కొండ ఎక్కుతూ ఎక్కడ ఆగి ఊపిరి పీల్చుకున్నావు? ఒక్క ముక్క లేదు. హార్బర్, రాస్‌హిల్, కురుపాం మార్కెట్, కుర్సురా జలాంతర్గామి, ఆర్కే బీచ్. ఒక్కో చోటుకు ఒక్కో పేరా. ఆటోలో తిరిగొచ్చినవాళ్ళు కూడా ఇలాగే రాస్తారు. నడక గురించిన రచనలో చూసిన చోట్ల వాటా పావు వంతే. మిగతాదంతా వాటి మధ్య ఉన్న దారి. ఎవరేమన్నా సరే, ఈ మాట మీద నేను వెనక్కి తగ్గను.

"1933 డిసెంబర్ 19న వైస్రాయ్ విల్లింగ్డన్ ఈ ఓడరేవును ప్రారంభించారు" అని రాసి వదిలేశావు. తేదీలో తప్పు లేదు. కానీ రాస్‌హిల్ మీద నిలబడ్డదానివి, ఎదురుగా చూడలేదా? కింద ఓడలు వచ్చిపోయే సన్నటి ఛానెల్, దాని అవతల డాల్ఫిన్స్ నోస్ కొండ. ఆ కొండ సముద్రంలోకి పొడుచుకొచ్చి అడ్డంగా నిలబడింది కాబట్టే, దాని చాటున మేఘాద్రి గెడ్డ వచ్చి కలిసే చిత్తడి నేలను తవ్వి లోపలి రేవు కట్టగలిగారు. ఛానెల్ ముఖం ఇసుకతో పూడిపోకుండా రెండు పాత ఓడల్ని తెచ్చి, కావాలనే ముంచి అడ్డుకట్ట చేశారు. ఇదంతా ఆ కొండ మీద నిలబడితే కంటికి ఆనుతుంది. తేదీ అప్పుడు చెప్పు, వింటారు.

ఇంకా ఉంది. ఈ తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం కెరటాలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకుపోతుంటాయి. రేవు కట్టలు ఆ ఇసుకను దారిలోనే ఆపేస్తే, ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కు రావలసినది రాదు, ఒడ్డు కోసుకుపోతుంది. అందుకే రేవు దగ్గర డ్రెడ్జర్లు తీసిన ఇసుకను ఆ బీచ్‌కు చేర్చి పోస్తుంటారు. నీ వ్యాసంలో పొద్దున హార్బర్ ఉంది, సాయంత్రం బీచ్ ఉంది. ఒకదానికీ ఇంకోదానికీ సంబంధమే లేదన్నట్టు రెండు వేరే పేజీల్లో ఉన్నాయి. "కెరటాలు నా పాదాలను ముద్దాడాయి" అన్నావు. ఆ పాదాల కింద ఇసుక ఎక్కణ్ణుంచి వచ్చిందో రాయమ్మా!

చర్చి, దర్గా, గుడి మూడు కొండల మీద పక్కపక్కనే ఉండటాన్ని మతసామరస్యానికి ప్రతీక అన్నావు. ఆ మాట ఇప్పటికే అందరూ అరగదీసేశారు. ఒక కొండ దిగి ఇంకో కొండ ఎక్కినదానివి, నీ మోకాళ్ళకు తెలిసింది రాయి. మెట్ల మీద నీ పక్కన ఎవరు నడిచారో రాయి. కుర్సురా సంగతీ అంతే. 91 మీటర్ల పొడవు, 1969లో నౌకాదళంలో చేరిక, 2001లో విశ్రాంతి, ఇవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి. లోపల ఒక అర నుంచి ఇంకో అరలోకి వెళ్ళాలంటే గుండ్రటి ద్వారంలో తల వంచి, కాలెత్తి దూరాలి కదా. నెలల తరబడి అలా దూరుతూ బతికిన మనుషులు ఆ క్షణంలో నీకు గుర్తు రాలేదా?

ఈ కోపమంతా నీ మీదే కాదు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతూ బతికే రోజుల్లో, నైట్ డ్యూటీ దిగి నిద్ర మానుకుని పాత పోస్టాఫీసు నుంచి కోటవీధి వైపు నడిచేవాణ్ణి. ఒక సందులో అరుగు మీద ఒక పెద్దాయన వల బాగుచేసుకుంటున్నాడు. వల అంచును కాలి బొటనవేలికి తగిలించుకుని, దారం చుట్టిన పుల్లను తెగిన కన్నులోంచి దూర్చి, ముడి బిగించి, ఒకసారి లాగి చూసుకునేవాడు. రెండో కొస పట్టుకున్న మనవరాలు తొమ్మిదో ఎక్కం అప్పజెబుతోంది. తప్పు చెప్పినప్పుడల్లా ఆయన వలను చిన్నగా గుంజేవాడు, ఆ పిల్ల మళ్ళీ మొదలుపెట్టేది. అది రాసి ఒక వారపత్రికకు పంపాను. అచ్చయింది. చూస్తే తాతా మనవరాలూ లేరు! చర్చి ఉంది, లైట్‌హౌస్ ఉంది, ఎలా వెళ్ళాలి, ఎక్కడ దిగాలి అని పక్కన ఒక బాక్సు ఉంది. వెళ్ళి అడిగితే, "పాఠకుడికి సమాచారం కావాలండీ, ముసలాయన ఎందుకు?" అన్నారు ఎడిటర్‌గారు. ఇల్లు గడవని రోజుల్లో కూడా ఆ పత్రికకు మళ్ళీ రాయలేదు. ఇప్పుడా బాక్సు పోయి "తప్పక చూడాల్సిన పది ప్రదేశాలు" వచ్చింది, డ్రోన్ వచ్చింది. పైనుంచి చూసే డ్రోన్‌కు చెమట పట్టదు, దారి అడగాల్సిన అవసరం రాదు. నువ్వు దానిలా రాస్తే నాకు బాధగా ఉంటుంది. ఆ ఐసు కుర్రాణ్ణి చూడగలిగిన కళ్ళు నీవి.

పుస్తకంగా వేయొచ్చా, ఫొటోలు ఎన్ని పెట్టాలి అని అడిగావు. వాటి సంగతి తర్వాత. ముందు ఇంకోసారి వెళ్ళు. ఒక్కదానివే వెళ్ళు, ఫోన్ బ్యాగులో పెట్టు, దారి మనుషుల్నే అడుగు. హార్బర్ నుంచి రాస్‌హిల్ దాకా నడిచి, ఆ ఒక్క ముక్క రాసి పంపు. కురుపాం మార్కెట్ దాకా ఇప్పుడే రావొద్దు.

ఉంటాను.