పేస్ట్ మార్చినా వేడి తగ్గలేదా? బోర్డు వెనక చూడండి

ప్రశ్న: విడిభాగాలు కొని నేనే డెస్క్‌టాప్ అసెంబుల్ చేసుకున్నాను. ప్రాసెసర్ ఇంటెల్ ఐ5-12400, బాక్సులో వచ్చిన కూలరే పెట్టాను. ఏ పనీ చేయకున్నా 75 డిగ్రీలు చూపిస్తోంది. వీడియో ఎక్స్‌పోర్ట్ పెడితే నిమిషంలోపే 100కు చేరి వేగం పడిపోతోంది. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్ట్ రెండుసార్లు మార్చాను. కొత్త కూలర్ కొనాలా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఇప్పుడే కొనకండి. ఫ్యాన్ తిరుగుతోందా, దాని వైరు మదర్‌బోర్డు మీద ‘సీపీయూ ఫ్యాన్’ అని ఉన్న చోటే పెట్టారా అన్నది ముందు చూసుకోండి. అవి సరిగ్గా ఉండి, ఖాళీగా ఉన్నప్పుడే 75 చూపిస్తుంటే కూలర్ ప్రాసెసర్‌కు పూర్తిగా ఆనడం లేదన్న అనుమానమే బలంగా ఉంది. ఈ కూలర్‌కు స్క్రూలుండవు, నాలుగు మూలలా ప్లాస్టిక్ పుష్ పిన్నులే. వాటిలో ఒక్కటి సగమే దిగినా ఆ మూల పైకి లేచి, కూలర్ అడుగు ఒరిగిపోతుంది. పైనుంచి చూస్తే నాలుగూ బిగిసినట్టే ఉంటాయి. అందుకే చాలామంది పేస్టును అనుమానిస్తారు.

పవర్ కేబుల్ పీకేసి, క్యాబినెట్‌లో బోర్డు వెనకవైపు ఉండే పక్క పలక తీసి టార్చి వేయండి. నాలుగు రంధ్రాల్లోంచీ చీలిన తెల్లకాళ్లు పూర్తిగా బయటికొచ్చి, వాటిని విడదీస్తూ మధ్యలో పిన్ను కనిపించాలి. ఎక్కడ కనిపించలేదో తప్పు అక్కడే.

మళ్లీ బిగించేటప్పుడు బోర్డును బయటికి తీసి, బల్ల మీద దాని అట్టపెట్టె పైన పెట్టుకోండి. క్యాబినెట్‌లోనే ఉంచి నొక్కితే బోర్డు వంగి పిన్ను సరిగ్గా దిగకపోవచ్చు. కూలర్ తీయడానికి పిన్ను తలను దాని మీది బాణం గుర్తు వైపు తిప్పి పైకి లాగాలి. తీశాక పేస్ట్ అచ్చు గమనించండి: ఒక పక్క మందంగా, ఇంకో పక్క పలచగా ఉంటే మందంగా ఉన్న వైపు పిన్నే దిగలేదన్నమాట. పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండు వైపులా శుభ్రంగా తుడిచి, మధ్యలో కందిగింజంత చుక్క పెట్టండి. లోహానికీ లోహానికీ మధ్య సన్నటి సందులు పూడ్చడమే పేస్ట్ పని కాబట్టి మందంగా పూస్తే లాభం లేదు. పిన్నుల తలలను బాణానికి ఎదురు దిశలో చివరిదాకా తిప్పి ఉంచి, ఎదురెదురు మూలల జంటను ఒకేసారి నొక్కండి, తర్వాత రెండో జంటను. ప్రతిదానికీ టిక్‌మని వినిపించాలి. కాలు విరిగి ఉంటే ఆ పిన్ను మార్చాల్సిందే.

గది 30 డిగ్రీలుంటే ఖాళీగా 40 అటూ ఇటూ రావాలి. అప్పటికీ ఎక్స్‌పోర్ట్‌లో 100కు చేరుతుంటే బయోస్ (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే మూల సెట్టింగులు) తెరవండి. ఈ ప్రాసెసర్‌కు ఇంటెల్ చెప్పిన బేస్ పవర్ 65 వాట్లు, టర్బోలో, అంటే వేగం పెంచుకున్నప్పుడు, 117. కొన్ని బోర్డులు ఆ హద్దు కూడా ఎత్తేస్తాయి, అంత వేడిని ఈ చిన్న కూలర్ మోయలేదు. పీఎల్1 (ఎక్కువసేపు వాడే పవర్‌కు హద్దు), పీఎల్2 (టర్బోలో కాసేపు వాడే పవర్‌కు హద్దు) రెండూ 65 వాట్లు చేయండి. ఎక్స్‌పోర్ట్ కాస్త ఆలస్యమవుతుంది, మామూలు పనుల్లో తేడా తెలియదు.

ప్రశ్న: పక్క పలక తీసేస్తే వేడి 10 డిగ్రీలు తగ్గుతోంది. అలాగే వాడుకోవచ్చా?

జవాబు: అంత తగ్గుతోందంటే క్యాబినెట్‌లో గాలి ఆడటం లేదు. తెరిచి ఉంచితే దుమ్ము చేరి కొన్నాళ్లకు మొదటికే వస్తుంది. ముందు ఫ్యాన్ లోపలికి, వెనక ఫ్యాన్ బయటికి విసరాలి. మామూలు ఫ్యాన్‌లో మోటారును పట్టుకునే అడ్డకమ్మీలున్న వైపు నుంచే గాలి బయటికొస్తుంది. రెండూ లోపలికే, లేదా రెండూ బయటికే విసురుతున్నాయేమో చూడండి. జాలీలో దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోండి.

ప్రశ్న: నా రైజెన్ 7 7700ఎక్స్ ప్రాసెసర్ పెద్ద కూలర్‌తోనూ 95 డిగ్రీలకు వెళ్తోంది. పాడైనట్టా?

జవాబు: కాదు. పూర్తి లోడులో 95 దాకా వెళ్లి అక్కడ నిలబడేలానే ఏఎండీ దాన్ని రూపొందించింది. గదిలో వేడి, ఫ్యాన్ రొద ఇబ్బందిగా ఉంటే బయోస్‌లో 65 వాట్ల ఎకో మోడ్ పెట్టుకోండి.