రిఫండ్‌లో వాటా అడిగే ఆడిటర్‌కు అమ్మాయి కాగితాలు ఇవ్వవచ్చా?

ప్రశ్న: నేను తెనాలిలో రిటైరైన లెక్కల మాస్టారిని. మా అమ్మాయి సివిల్ ఇంజినీర్. హైదరాబాద్‌లో ఒక డిజైన్ సంస్థకు స్ట్రక్చరల్ డ్రాయింగులు చేస్తుంది. 2025 ఏప్రిల్ నుంచి ఆమెను పేరోల్ నుంచి తీసేసి కాంట్రాక్టు మీద పెట్టుకున్నారు. నెలకు 80 వేలకు బిల్లు పెడితే 8 వేలు టీడీఎస్ పట్టుకుని 72 వేలు వేస్తున్నారు. మా తోడల్లుడికి తెలిసిన ఆడిటర్ ఒకాయన, ‘పట్టుకున్నదంతా వెనక్కి తెప్పిస్తాను, వచ్చినదాంట్లో 15 శాతం నాకివ్వండి’ అంటున్నారు. అందుకు కొన్ని విరాళాలు, ఇన్సూరెన్సులు కట్టినట్టు చూపించాలట. ఆఫీసువాళ్లేమో తమ సీఏతోనే చేయించుకో, ఉచితం అంటున్నారు. ఎవరిని నమ్మాలి?

జవాబు: మాస్టారూ, నమస్కారం. మీరు లెక్కలు చెప్పినవారు కాబట్టి ముందు లెక్క చూద్దాం, మనుషుల సంగతి తర్వాత.

నెలకు 80 వేలంటే ఏడాదికి 9 లక్షల 60 వేలు. పట్టుకున్న టీడీఎస్ 96 వేలు. ఆమెకు వేరే ఆదాయం లేదనుకుందాం. 2025-26 ఆదాయానికి కొత్త పన్ను విధానంలో, 12 లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి రిబేట్ వల్ల పన్ను సున్నా అవుతుంది. అంటే మీ అమ్మాయి ఒక్క రూపాయి ఖర్చు కూడా చూపకుండా, వచ్చిందంతా ఆదాయమే అని రాసినా, 96 వేలూ వెనక్కి వస్తాయి. ఏ విరాళమూ అక్కర్లేదు. అసలు కొత్త విధానంలో ఆ విరాళాలకూ ఇన్సూరెన్సులకూ మినహాయింపే లేదు.

ఇప్పుడు ఆ పెద్దమనిషి చేస్తున్నదేమిటో చూడండి. చట్టం దానంతటదే ఇచ్చే డబ్బును తాను తెప్పిస్తున్నట్టు చెప్పి, అందులో 14,400 అడుగుతున్నారు. పైగా అవసరమే లేని అబద్ధాలు మీ అమ్మాయి పేరు మీద రాస్తానంటున్నారు. ఆ అబద్ధాలు చెల్లాలంటే ఆమెను పాత పన్ను విధానంలోకి మార్చాలి. జీతగాళ్లు ఏటా అటూ ఇటూ మారవచ్చు. వృత్తి ఆదాయం ఉన్నవాళ్లకు అలా కాదు. పాతదానికి వెళ్లాలంటే 10-ఐఈఏ ఫారం వేయాలి. ఒకసారి వెళ్లి కొత్తదానికి తిరిగి వచ్చారంటే, వృత్తి ఆదాయం ఉన్నంతకాలం మళ్లీ పాతదానికి పోవడానికి ఉండదు. ఈ సంగతి ఆయనకు తెలియకపోతే ఒక సమస్య, తెలిసీ చెప్పకపోతే ఇంకో సమస్య.

దొంగ మినహాయింపుల సంగతి ఇదివరకటిలా లేదు. 2025 జూలైలో ఆదాయపు పన్ను శాఖ ఇలాంటి క్లెయిములు వేసే ఏజెంట్ల మీద దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు చేసింది. తప్పుడు వివరాలిచ్చి పన్ను ఎగ్గొడితే, ఎగ్గొట్టినదానికి 200 శాతం దాకా జరిమానా పడవచ్చు. మీ అమ్మాయి విషయంలో ఎగ్గొట్టడానికి పన్నే లేదు. అయినా నోటీసు వచ్చేది ఆమె పేరుకే, ఏజెంటు పేరుకు కాదు.

మన ఊళ్లలో ఇంకో చిక్కుంది. లెక్కలు చూసే ప్రతివారినీ ‘ఆడిటర్ గారు’ అనేస్తాం. సీఏ ఆఫీసులో పదేళ్లు గుమస్తాగా చేసి బయటికొచ్చిన వ్యక్తీ ఆడిటరే, సీఏ పాసైనాయనా ఆడిటరే. సీఏ కానివాళ్లంతా మోసగాళ్లని నేననను. చిన్న వ్యాపారుల జీఎస్టీ రిటర్నులు చక్కగా వేసే ప్రాక్టీషనర్లు నాకు తెలుసు. నిజానికి ఈ ఏడాది మీ అమ్మాయి రిటర్న్‌కు చట్టప్రకారం సీఏ అక్కరే లేదు, తనే వేసుకోవచ్చు. కానీ మీ ఆడిటర్ గారు సీఏ అయితే ఈ ‘15 శాతం’ మాట అనకూడదు. తెప్పించినదాంట్లో వాటా ఫీజుగా తీసుకోవడం సీఏ వృత్తి నియమాలకు విరుద్ధం. సీఏ కాకపోతే సీఏల సంస్థ ఆయన్ని ఏమీ అడగలేదు.

సీఏనా కాదా తెలుసుకోవడం తేలికే. సీఏల సంస్థ ఐసీఏఐ ఇచ్చే సభ్యత్వ సంఖ్య అడగండి, దాన్ని ఆ సంస్థ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. సభ్యత్వం ఒక్కటే చాలదు, ప్రాక్టీసు చేసేందుకు వేరే సర్టిఫికెట్ ఉండాలి, అదీ అడగండి. పిల్లల అమెరికా వీసాకు సీఏ స్టేట్‌మెంట్ తీసుకున్న ఇళ్లలో దాని మీద అంకెలూ అక్షరాలూ కలిపి 18 ఉండే యూడీఐఎన్ (ఆ పత్రానికి మాత్రమే ఇచ్చే గుర్తింపు నంబరు) చూసే ఉంటారు. 2019 ఫిబ్రవరి నుంచి సీఏ ఇచ్చే సర్టిఫికెట్లకు అది తప్పనిసరి. ఎవరైనా ఆన్‌లైన్‌లో సరిచూసుకోవచ్చు. ఆ నంబరు లేని సర్టిఫికెట్ ఇచ్చే ఆఫీసు గడప తొక్కకండి.

ఇక ఆఫీసువారి ఉచిత సీఏ. ఆయన మంచివాడే కావచ్చు, కానీ ఆయనకు ఫీజిచ్చేది కంపెనీ. పట్టుకున్న 8 వేలు కంపెనీ ప్రభుత్వానికి సరిగా కట్టకపోతే, అది మీ అమ్మాయి 26ఏఎస్‌లో (తన పేరున జమైన పన్ను చూపే పట్టికలో) కనిపించదు, రిఫండూ రాదు. అప్పుడాయన ఎవరి పక్షాన మాట్లాడతారు? ఇంకోటి, కాంట్రాక్టు మీద ఉన్న పిల్లలు రేపో మాపో బయటి పని కూడా పట్టుకుంటారు, పట్టుకోవాలి కూడా. అది ఏఐఎస్‌లో (పన్ను శాఖ దగ్గరున్న తన ఆదాయ వివరాల పట్టికలో) కనపడుతుంది. తన బయటి సంపాదన లెక్క కంపెనీ మనిషి చేతిలో ఉండటం మీ అమ్మాయికి మంచిదా? నేనైతే వద్దంటాను.

మరి ఎవరు? అదే పని చేసుకునే ఇద్దరు ముగ్గురు స్వతంత్ర ఇంజినీర్లనో ఆర్కిటెక్టులనో అడిగి, వాళ్లు ఎవరి దగ్గరికి వెళ్తున్నారో కనుక్కోమనండి. కిరాణా కొట్ల లెక్కలు చూసేవారికి కాంట్రాక్టు ఇంజినీరు లెక్క అలవాటు ఉండదు. అలాగని పెద్ద బోర్డున్న ఫర్మ్ కూడా అక్కర్లేదు. అక్కడ మీ ఫైలు ఆర్టికల్స్ చేసే, అంటే సీఏ శిక్షణలో ఉన్న కుర్రాడి బల్ల మీద ఉంటుంది, సార్ మొహం కనపడదు.

మొదటిసారి కలిసినప్పుడు ఒక ప్రశ్న అడిగితే చాలు, మనిషి తెలిసిపోతాడు: ‘నాకు ఖర్చులు పెద్దగా లేవు, 44ఏడీఏ కింద ఎంత ఆదాయం చూపమంటారు?’ ఇంజినీర్లలాంటి వృత్తులవారు వచ్చిన మొత్తంలో కనీసం సగం ఆదాయంగా చూపి, ఖర్చుల పుస్తకాలు లేకుండా రిటర్న్ వేసుకునే వెసులుబాటు అది. 50 లక్షల రాబడి దాకా వర్తిస్తుంది. నగదు రాబడి 5 శాతం దాటకపోతే 75 లక్షల దాకా. వినీ వినకముందే ‘సగం వేసేద్దాం’ అనేవారు పని తొందరలో ఉన్నట్టు. ‘నిజంగా ఎంత మిగిలింది? రెండు మూడేళ్లలో ఇంటి లోన్ ఏమైనా ఆలోచిస్తున్నారా?’ అని ఎదురు అడిగేవారు మీకు కావలసినవారు. ఎందుకంటే 9 లక్షల 60 వేలు చూపినా మీ అమ్మాయికి పన్ను సున్నాయే, 4 లక్షల 80 వేలు చూపినా సున్నాయే. బ్యాంకువాడు లోన్ లెక్క కట్టేటప్పుడు మాత్రం ఆ రెండూ ఒకటి కావు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి, 2025-26 ఆదాయానికి మాత్రం పాత చట్టమే. ఈ తేడా సూటిగా చెప్పగలిగితే ఇంకా మంచిది.

జీఎస్టీ నంబరు తీసుకోమని ఎవరైనా తొందరపెడితే ఎందుకో అడగండి. సేవలకు 20 లక్షల దాకా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తీసుకున్నాక మాత్రం పని లేని నెలల్లో కూడా నిల్ రిటర్న్ వేయాల్సిందే, ఆలస్యమైతే రుసుము. నెలనెలా ఫీజు వచ్చేది ఎవరికో మీరే ఊహించగలరు. ఆ ఫీజు ఎంతయినా, ఏ పనికి ఎంతో ముందే రాయించుకోండి, కనీసం వాట్సాప్‌లోనైనా.

తోడల్లుడి గారితో మొహమాటం నాకు అర్థమవుతుంది. ‘అమ్మాయి తనే నేర్చుకుని వేసుకుంటానంటోంది’ అనండి. అబద్ధం కూడా కాదు, ఈ ఏడాది రిటర్న్ ఆమె సీఏ పక్కన కూర్చునే వేయాలి.

అయితే ఇవన్నిటికంటే ముందు ఒక పని. ఆ ఆడిటర్ గారు ఇప్పటికే ఈ-ఫైలింగ్ ఖాతా తెరిచేశారా? నాకు ఇలాగే జరిగింది. ఉద్యోగం మాని సొంతంగా కౌన్సెలింగ్ మొదలుపెట్టిన కొత్తలో కాగితాలన్నీ ఒకాయన చేతిలో పెట్టి నిశ్చింతగా ఉన్నాను. పోర్టల్‌లో ఉన్న మెయిలూ ఫోన్ నంబరూ ఆయనవని మూడేళ్లకు తెలిసింది. ఆ మధ్యలో వచ్చిన నోటీసు ఆయన ఇన్‌బాక్స్‌లో ఆరు నెలలు నిద్రపోయింది. ఈ రాత్రికి అమ్మాయికి ఫోన్ చేసి, తన పాన్ నంబరుతో లాగిన్ అయి ప్రొఫైల్ చూడమనండి. నంబరు తనది కాకపోతే వెంటనే మార్చుకుని, పాస్‌వర్డ్ కూడా మార్చి, ఆ తర్వాతే సీఏ కోసం వెతకమనండి.