కుర్చీ తర్వాత 'ఆన్' ఎందుకు?

ఇంగ్లిష్ సందేహాలతో ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం పైన 'టు' చుట్టూనే తిరిగాయి. 'షుడ్ హావ్', 'వుడ్ హావ్' అడిగినవాళ్లు వచ్చే సంచిక దాకా కాస్త ఓపిక పట్టాలి.

ప్రశ్న: అమ్మాయి దగ్గరికి డాలస్ వచ్చాను. పార్కులో నడిచి నడిచి కాళ్లు లాగి, "దేర్ ఈజ్ నో చెయిర్ టు సిట్" అన్నాను. నాలుగో తరగతి మనవడు "టు సిట్ ఆన్, అమ్మమ్మా" అని దిద్దాడు. కుర్చీ మీద కాక కుర్చీ కింద కూర్చుంటామా? ఆ 'ఆన్' లేకపోతే ఏం కొంప మునిగింది?
– ఒక అమ్మమ్మ, సొంతూరు తణుకు

జవాబు: రైటు మనవడిదేనండీ. అయినా మీ వాదన కొట్టిపారేసేది కాదు, అది అచ్చ తెలుగు వాదన. "కుర్చీ మీద కూర్చున్నాను" అంటాం. అదే "నేను కూర్చున్న కుర్చీ" అనేసరికి 'మీద' ఎటో పోతుంది. "పెన్నుతో రాశాను" అన్నది "నేను రాసిన పెన్ను" అవగానే 'తో' కనబడదు. రాసిన కాగితం, రాసిన ఉత్తరం, రాసిన చెయ్యి... ఒకచోట 'మీద', ఒకచోట 'ని', ఒకచోట 'తో' లోపించాయి. వినేవాళ్లు ఎవరికివాళ్లు పూరించుకుంటారు. "కూర్చోవడానికి కుర్చీ" కూడా ఆ తోవలోదే.

ఇంగ్లిష్ మాత్రం వినేవాళ్ల మీద అంత భారం వెయ్యదు. కుర్చీ వాక్యంలో ముందుకు జరిగినా, దాని ప్రిపోజిషన్, అంటే 'ఆన్' లాంటి చిన్న మాట, క్రియనే అంటిపెట్టుకుని చివర్లో ఉండిపోతుంది.

ఉండకపోతే ఏమవుతుందో పరీక్ష హాల్లో చూడాలి. కుర్రాడు లేచి "ఐ హావ్ నథింగ్ టు రైట్ విత్" అంటే పెన్ను లేదని. "టు రైట్ ఆన్" అంటే అడిషనల్ షీటు ఇమ్మని. "టు రైట్ అబౌట్" అంటే వ్యాసానికి విషయం తట్టడం లేదని, దానికి మనం చేసేదేమీ లేదు. చివర ఏమీ పెట్టకుండా "ఐ హావ్ నథింగ్ టు రైట్" అంటే రాయాల్సిందేమీ లేదు, పేపరిచ్చి పోతానని. ఇంటర్ కాలేజీలో నా ఇన్విజిలేషన్ డ్యూటీల్లో పిల్లలు ఎక్కువగా అనేది ఈ ఆఖరిదే. నేను వాళ్ల మాట వదిలేసి చేతిలో పెన్ను వంక చూసేదాన్ని. దాన్ని విదిలిస్తూ ఉంటే నా పెన్ను ఇచ్చేదాన్ని.

అనుమానం వస్తే వాక్యాన్ని తిరగేసి చూడండి. "లివ్ ఇన్ ద హౌస్" అంటాం కాబట్టి "ఎ హౌస్ టు లివ్ ఇన్". "టాక్ టు సమ్‌వన్" కాబట్టి "సమ్‌వన్ టు టాక్ టు". "రీడ్ ద బుక్"లో మధ్య ఏమీ లేదు, అందుకని "ఎ బుక్ టు రీడ్"తో సరి. 'ప్లేస్', 'టైమ్', 'వే' లాంటి మాటలకు సడలింపు ఉంది. "ఎ ప్లేస్ టు స్టే" అంటే చాలు. అక్కడ కూడా మనవడు 'ఎట్' తగిలించమంటే ఈ పేజీ చూపించండి.

వాక్యం చివర ప్రిపోజిషన్ రాకూడదని మా మాస్టారు చెప్పారే అంటారేమో. 1672లో డ్రైడెన్ కవి, తన ముందుతరం నాటకకర్త బెన్ జాన్సన్ రాతల్లో దాన్ని తప్పుగా ఎత్తిచూపాడు. ఆ పట్టింపు బడుల్లో చాలాకాలం నడిచింది. 1926లో ఫౌలర్ అనే వ్యాకరణవేత్త అది వట్టి మూఢనమ్మకమని తేల్చేశాడు. "ఎ చెయిర్ ఆన్ విచ్ టు సిట్" కూడా ఒప్పే. కాకపోతే పార్కులో అలా మాట్లాడితే మనవడు దిద్దడు, నవ్వుతాడు.

ప్రశ్న: సర్టిఫికెట్ కోసం కాలేజీ ఆఫీసుకు వెళ్లి "ఐ కేమ్ ఫర్ టేకింగ్ మై సర్టిఫికెట్" అన్నాను. పక్కనున్న ఫ్రెండ్ నవ్వింది. తీసుకోవడానికే కదా వచ్చాను?
– డిగ్రీ విద్యార్థిని, సిద్దిపేట

జవాబు: "ఐ కేమ్ టు టేక్ మై సర్టిఫికెట్" అను, తల్లీ. 'టేక్' బదులు 'కలెక్ట్' అంటే ఇంకా బాగుంటుంది. వచ్చిన పని చెప్పేటప్పుడు 'టు', దాని వెంట క్రియ, అంతే. 'ఫర్' పెట్టి 'ఇంగ్' చేర్చేది ఒక వస్తువు దేనికి పనికొస్తుందో చెప్పడానికి: "ఎ నైఫ్ ఫర్ కటింగ్ వెజిటబుల్స్".

నీ తప్పుకు మూలం 'తీసుకోవడానికి'లో ఉంది. 'తీసుకోవడం' అనే నామవాచకానికి 'కి' చేర్చాం. "కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్" అని బడిలో వల్లె వేశావే, ఆ 'కి'. 'తీసుకోవడం' అనగానే 'టేకింగ్' గుర్తొచ్చింది, 'కి'కి బదులు 'ఫర్' దొరికింది. తమాషా ఏంటంటే, వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్ కూడా ఇలాగే చేసింది. అప్పట్లో క్రియను నామవాచకంలా మార్చి, దానికి విభక్తి ప్రత్యయం తగిలించి, ముందు 'టు' అనే ప్రిపోజిషన్ పెట్టేవాళ్లు. ఆ ప్రత్యయం కాలక్రమంలో అరిగిపోయింది, 'టు' మిగిలింది. పుట్టుకలో మన 'కి'కీ ఈ 'టు'కీ చుట్టరికం లేదు గానీ, చేసే పని ఒకటే.

ప్రశ్న: మెయిల్లో "ఐ లుక్ ఫార్వర్డ్ టు మీట్ యు" అని రాస్తే మా మేనేజరు 'మీటింగ్' అని మార్చారు. 'టు' తర్వాత 'ఇంగ్' రాదని చదువుకున్నాం కదా?
– బ్యాంకు ఉద్యోగి, కర్నూలు

జవాబు: మీరు చదువుకున్నది క్రియ ముందుండే 'టు' గురించి. ఇది ఇంకో 'టు'. పాత ప్రిపోజిషన్ ఉద్యోగంలోనే ఉండిపోయింది. 'టు' తర్వాత 'ఇట్' పెట్టి చూడండి. "లుక్ ఫార్వర్డ్ టు ఇట్" అతుకుతుంది, కాబట్టి 'మీటింగ్'. "వాంట్ టు ఇట్" అతకదు, కాబట్టి "వాంట్ టు మీట్". 'అగ్రీ' దగ్గర మాత్రం ఈ చిట్కా మోసం చేస్తుంది. "అగ్రీ టు ఇట్" అన్నా సరే, "అగ్రీ టు గో" అన్నా సరే. దాన్ని గుర్తుపెట్టుకోవడమే.

'యూజ్డ్ టు' దగ్గర ఇంకాస్త జాగ్రత్త. "ఐ యూజ్డ్ టు గెట్ అప్ ఎట్ ఫైవ్" అంటే ఒకప్పుడు అయిదింటికి లేచేదాన్ని, ఇప్పుడు లేవను. "ఐ యామ్ యూజ్డ్ టు గెటింగ్ అప్ ఎట్ ఫైవ్" అంటే నాకది అలవాటే. 'కమిటెడ్ టు సర్వ్' అని బోర్డులు రాయించే సంస్థలు కూడా పనిలో పనిగా ఓ 'ఇంగ్' కొనుక్కుంటే బాగుండును.

ప్రశ్న: "ద టెనెంట్ అగ్రీడ్ టు వెకేట్ ద హౌస్ ఇన్ మార్చ్" అని మా ఇంటి కాగితంలో ఉంది. ఒప్పుకున్నది మార్చిలో అని మా అద్దెకున్నాయన, ఖాళీ చేసేది మార్చిలో అని నేను. ఎవరిది రైటు?
– ఇంటి ఓనరు, వరంగల్

జవాబు: భాష ప్రకారం మీ వైపే మొగ్గు. చివర వేలాడే ప్రిపోజిషన్ ముక్కను దగ్గరలో ఉన్న క్రియకే, అంటే 'వెకేట్'కే కలుపుకుంటాం. కానీ ఆయన అర్థమూ కుదురుతుంది. కోర్టులో ఏది నిలుస్తుందో లాయరుగారు చెప్పాలి. ఒప్పుకున్నది మార్చిలో అని చెప్పాలంటే 'ఇన్ మార్చ్'ను వాక్యం మొదటికి తేవాలి.

తెలుగులో "ఇల్లు ఖాళీ చేస్తానని మార్చిలో ఒప్పుకున్నాడు" అంటే గొడవ లేదు. "మార్చిలో ఇల్లు ఖాళీ చేస్తానని ఒప్పుకున్నాడు" అంటే కొంచెం గొడవే. కొత్త కాగితం రాసుకునేటప్పుడు ఫలానా తేదీలోగా తాళాలు అప్పగించాలని, ఇంకో వాక్యంగా రాయించండి.

ప్రశ్న: "ఇట్ ఈజ్ గుడ్ ఆఫ్ యు", "ఇట్ ఈజ్ గుడ్ ఫర్ యు" ఒకటేనా?
– పేరు రాయలేదు

జవాబు: కాదు. ఎవరైనా బస్టాండు దాకా మీకు తోడు నడిచి వస్తే "ఇట్ ఈజ్ గుడ్ ఆఫ్ యు టు వాక్ విత్ మీ" అనాలి. మంచితనం ఆ వచ్చిన మనిషిది. "ఇట్ ఈజ్ గుడ్ ఫర్ యు టు వాక్" అనేది షుగరు రిపోర్టు చూశాక డాక్టరుగారు అనే మాట.