తెర మీద గీతలు చూపించే చదువుకు భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ ఈసీఈ చివరి సంవత్సరం. కాగ్నిటివ్ సైన్స్‌లో (మనసు, మెదడు ఎలా పనిచేస్తాయో చదివే శాస్త్రం) ఎమ్మెస్సీ చేసి, చూపు మీద పరిశోధనకు వెళతానంటోంది. ఇప్పుడు ప్రాజెక్టులో రోజంతా మానిటర్ మీద గీతలు, చుక్కలు చూపించడమే పని. మా బావమరిది కొడుకు ఏఐ కోర్సు చేసి మంచి ప్యాకేజీ కొట్టాడు. రెండూ పోల్చి చెప్పండి. – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ టెన్షన్ గీతల గురించి కాదండీ. ఇంజినీరింగ్ చదివించి, చివరికి ఉద్యోగం లేని దారిలోకి పంపుతున్నానా అని. ముందు ఆ పనేమిటో చూద్దాం.

కన్ను ఎంత చిన్న తేడాను పట్టగలదో కొలవాలంటే, తెర మీద ఏం పడుతోందో కచ్చితంగా తెలియాలి. మామూలు మానిటర్ చెప్పినట్టు వినదు. వెలుగుకు 0 నుంచి 255 దాకా అంకెలుంటాయి. సగం వెలుగు కోసం 128 ఇస్తే, వచ్చేది పూర్తి వెలుగులో దాదాపు 22 శాతమే. అందుకే వెలుగు కొలిచే ఫొటోమీటర్‌తో ఒక్కో అంకెకు ఎంత వెలుగు వస్తోందో రాసుకుని, దాన్ని సరిచేసే పట్టిక తయారుచేస్తారు. దీన్ని గామా కరెక్షన్ అంటారు. సమయమూ అంతే. 60 హెర్ట్జ్ మానిటర్ సెకనుకు 60 సార్లు బొమ్మ మారుస్తుంది. అలా ఒక్కోసారి వచ్చే బొమ్మే ఫ్రేమ్, అది ఉండేది సుమారు 16.7 మిల్లీసెకన్లు. బొమ్మను 20 మిల్లీసెకన్లు చూపించమంటే కుదరదు, ఒక ఫ్రేమో రెండో! పైగా ఎల్‌సీడీ తెర కాస్త ఆలస్యంగా వెలుగుతుంది. ఎంత ఆలస్యమో తెలియడానికి తెర మూలన ఫొటోడయోడ్ (వెలుగు పడగానే పసిగట్టే చిన్న ఎలక్ట్రానిక్ భాగం) అంటిస్తారు. ఈసీఈ చదివిన పిల్లకు ఇంతకన్నా దగ్గరి పని ఏముంది? ఈ ప్రయోగాలకు ఎక్కువగా వాడే సైకోపై అనే సాఫ్ట్‌వేర్ కూడా పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలోనే నడుస్తుంది.

ఏఐని నేను తక్కువ చేయడం లేదు. నా అనుమానమంతా కొన్ని నెలల్లో సర్టిఫికెట్ చేతిలో పెట్టే కోర్సుల మీదే. అవి చేసి నా దగ్గరికి వచ్చే పిల్లలు మోడల్ నడిపి చూపిస్తారు. ఆ డేటా ఎలా కొలిచారు, తప్పు ఎక్కడ దూరి ఉండొచ్చు అని అడిగితే చాలామంది నోరు మెదపరు. ఫొటోమీటర్ పట్టుకున్న పిల్లకు ఆ ప్రశ్న ముందు తనకే వస్తుంది. తర్వాత ఏఐ నేర్చుకోవాలన్నా ఈ పునాది వృథా పోదు.

కోపం తెచ్చుకోకండి, ఒక మాట అడుగుతాను. బావమరిది కొడుకు ప్యాకేజీ సంగతి మీకు తెలుసు. ల్యాబ్‌లో ఏం చేస్తున్నావమ్మా అని మీ అమ్మాయిని ఒక్కసారైనా కూర్చోబెట్టి అడిగారా? పక్కింటి లెక్కలతో మన పిల్ల చదువు తేల్చేస్తే ఎలాగండీ?

డబ్బు విషయం మాత్రం ముందే మాట్లాడుకోండి. పరిశోధనలో స్థిరపడాలంటే పీహెచ్‌డీ చేయాలి, అన్నేళ్లూ ఫెలోషిప్ మీదే గడపాలి. ఓపిక ఉంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, గాంధీనగర్ ఐఐటీ ఎమ్మెస్సీలు చూడమనండి. చూపు పరిశోధనకు ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి హైదరాబాద్‌లోనే ఉంది. పీహెచ్‌డీ వద్దనుకున్నా ప్రోగ్రామింగ్, కొలతలు, గణాంకాలు చేతిలో ఉంటాయి. డిస్‌ప్లేలు, వీఆర్ హెడ్‌సెట్లు, కంటి పరీక్ష పరికరాలు తయారుచేసేవాళ్లకు ఇవే కావాలి. ఏఐ కోర్సు ఫీజు ఇప్పుడే కట్టేయకండి. ముందు తన దరఖాస్తులు పెట్టనివ్వండి.