ఎన్‌డెబెలె పూసల కుట్టు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: కింద గుడ్డ లేకుండా పూసను పూసకే పట్టించే ఎన్‌డెబెలె కుట్టుతో చేతి పట్టీ మొదలుపెట్టాను. మధ్యలో చక్కగా వస్తోంది గానీ ప్రతి వరుస చివర దారం బయటికి కనబడుతోంది, అంచు ముడుచుకుపోతోంది. ఎట్లా సరిచేయాలి?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: మీరు వరుస చివర దారాన్ని అంచు చుట్టూ తిప్పి నేరుగా పై పూసలోకి ఎక్కిస్తున్నట్టున్నారు. చాలామంది చేసేది అదే.

ముందు పునాది సరిచూసుకోండి. పూసలను పక్కపక్కనే నిచ్చెన కుట్టుతో, అంటే ఒక్కో పూసను పక్క పూసకు దారంతో కలుపుతూ, నిలబెట్టాలి. వాటి సంఖ్య సరి సంఖ్య కావాలి, 8 అనుకుందాం. 7 అయితే చివరి పూసకు జత ఉండదు. దారం అంచు పూస పైనుంచి బయటికి రావాలి. సూదికి రెండు పూసలు ఎక్కించి, పక్క పూసలోంచి కిందికి దింపి, దాని పక్క పూసలోంచి పైకి తీయండి. మళ్లీ రెండు పూసలు. పై దారం బిగిసేకొద్దీ ఆ రెండు పూసల తలలు ఒకదానివైపు ఒకటి వాలతాయి, ఈ కుట్టు అందమంతా ఆ వాలులోనే ఉంది. నిచ్చెన వరుస మాత్రం నిటారుగానే ఉంటుంది, అది చూసి విప్పేయకండి.

ఇక మలుపు. కింది వరుసలోని చివరి పూసలోంచి కిందికి దిగాక, దాని పక్కనున్న పూసలోంచి, అంటే ఏడోదానిలోంచి, పైకి రండి. అక్కడినుంచి ఏటవాలుగా, ఇప్పుడే కుట్టిన కొత్త వరుసలోని చివరి పూసలోకి సూది పోనిచ్చి పైకి లాగండి. దారం లోపలే దాగిపోతుంది. పని తిప్పి పట్టుకుని తర్వాతి వరుస మొదలుపెట్టండి. మలుపు దగ్గర గట్టిగా గుంజితే అంచు ముడుచుకుంటుంది. పూసలు ఒకదానికొకటి ఆనగానే ఆపాలి.

ప్రశ్న: పట్టీకి ఎన్ని పూసలు, ఎంత దారం కావాలి? మిషన్ దారం వాడొచ్చా?
– జడ్చర్ల

జవాబు: మిషన్ నూలు దారం వద్దు. గాజు పూస రంధ్రం అంచు పదునుగా ఉంటుంది, అది నూలును కోసేస్తుంది. చెమట తగిలితే ఇంకా తొందరగా తెగుతుంది. పూసలకని అమ్మే నైలాన్ దారం గానీ, అల్లిక రకం సన్నని చేపల గాలం దారం గానీ తీసుకోండి. ఒంటిపోగు ప్లాస్టిక్ తీగ కొన్నాళ్లకు పెళుసెక్కుతుంది.

11 నంబరు పూస దాదాపు 2 మిల్లీమీటర్లు ఉంటుంది, గ్రాముకు సుమారు 110 వస్తాయి. 8 పూసల వెడల్పు, 15 సెంటీమీటర్ల పొడవుకు 8 గ్రాములు పడతాయి. 12 తెచ్చుకోండి, ఎందుకంటే చౌక పొట్లాల్లో సన్నవీ లావువీ కలిసి ఉంటాయి, ఏరి పక్కన పెట్టక తప్పదు. సూది 10 లేదా 12 నంబరు. దారం ఒకేసారి మీటరున్నరకు మించి తీస్తే చిక్కు పడుతుంది. చివర 15 సెంటీమీటర్లు మిగలగానే కొత్తది కలపండి. పాత కొసను వచ్చిన దారిలోనే నాలుగైదు పూసల గుండా వెనక్కి నడిపి, మధ్యలో రెండు ముడులు వేసి కత్తిరించండి.

ప్రశ్న: గుండ్రటి గొలుసు కుడుతుంటే రెండో చుట్టులోనే దారి తప్పుతోంది.
– నారాయణపేట

జవాబు: చుట్టు పూర్తవగానే ఒక మెట్టు ఎక్కాలి. సూది మొదటి పూస ఒక్కదానిలోంచి వస్తే చాలదు. పాత చుట్టులోని మొదటి పూస, దానిపైన కొత్త చుట్టులోని మొదటి పూస, రెండింటిలోంచీ పైకి రావాలి. 8 పూసల గొట్టానికి లోపల ఖాళీ బాల్‌పెన్ రీఫిల్ పెట్టుకుంటే కూలిపోదు. నాలుగైదు చుట్లు కుదిరాక తీసేయొచ్చు.

ప్రశ్న: ఇది మా దగ్గరి లంబాడీల పూసల పనిలాంటిదేనా?
– మిర్యాలగూడ

జవాబు: కాదు. తండాల్లో పూసలను, అద్దాలను, గవ్వలను గుడ్డకు కుడతారు. దక్షిణాఫ్రికాలోని ఎన్‌డెబెలె మహిళల పేరు మీదున్న ఈ కుట్టులో పూసను పూసకే పట్టిస్తారు, కింద గుడ్డ అక్కర్లేదు. రంగులు మాత్రం మీరు లంబాడీ రవికె చూసి ఎంచుకున్నా అభ్యంతరం లేదు. ఒక్క జాగ్రత్త: గులాబీ, వంగపూవు రంగు పూసలకు తరచుగా పై పూతే ఉంటుంది. నెయిల్ పాలిష్ రిమూవర్‌లో తడిపిన దూదితో నాలుగు పూసలు రుద్ది చూడండి. దూదికి రంగు అంటితే మన ఎండల్లో, చెమటలో అది మెడకూ అంటుతుంది.