‘ఒక ఇంజెక్షన్ అయిపోయింది’ అంటే సరిపోదు

ప్ర: షెల్టర్‌లో రెండున్నర నెలల కుక్కపిల్లను చూసి వచ్చాం. తల్లి వీధికుక్క, తండ్రి లాబ్రడార్ కావచ్చట. క్షణం కుదురుగా ఉండదు, చెప్పుల మీద పడి ఆడుతుంది. ‘ఒక ఇంజెక్షన్ అయిపోయింది’ అన్నారు. తెచ్చుకునే ముందు ఇంకేం చూడాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జ: ఆ ఇంజెక్షన్ ఏదో, ఎప్పుడు వేశారో కార్డులో చూడండి. మందుసీసా స్టిక్కరు, తేదీ, డాక్టరు సంతకం మూడూ ఉండాలి. కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బులు డిస్టెంపర్, పార్వోలకు కలిపి వేసే టీకా 6–8 వారాల వయసులో మొదలై, మూడు నాలుగు వారాలకోసారి చొప్పున 16 వారాలు నిండేదాకా సాగాలి. తల్లి నుంచి వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం టీకాను పట్టనివ్వదు. అది ఎప్పుడు తగ్గుతుందో ఒక్కో పిల్లకు ఒక్కో తీరు. అందుకే ఇన్నిసార్లు. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక.

హుషారుగా ఆడుతోందని నిశ్చింతగా ఉండకండి. పార్వో సోకాక మూడు నుంచి ఏడు రోజులు, ఒక్కోసారి రెండు వారాలదాకా ఏమీ బయటపడదు. పిల్లను ఎత్తుకుని పైపెదవి తీసి చూడండి. చిగుళ్లు గులాబీ రంగులో ఉండాలి. తెల్లగా పాలిపోయి ఉంటే గోమార్లో, కడుపులో పురుగులో రక్తం తాగేస్తున్నాయేమోనని అనుమానించాలి. ఒళ్లు బక్కగా ఉండి పొట్ట మాత్రం డప్పులా ఉంటే పురుగులే కావచ్చు. పురుగుల మందు బరువును బట్టి ఇవ్వాలి కాబట్టి ముందు తూకం వేయించండి. గోమార్లు పోవాలని గేదెలకు వాడే మందు మాత్రం పట్టించకండి. ఇంత చిన్న ప్రాణానికి అది విషం.

ఇంటికి తెచ్చాక వారంపాటు షెల్టర్‌లో పెట్టిన తిండే పెట్టండి. ఆ తర్వాత కొత్తది కొంచెం కొంచెంగా కలుపుతూ మార్చండి. వచ్చినరోజే తిండి మార్చేస్తే విరేచనాలు పట్టుకుంటాయి. అవి తిండివల్లా, పార్వోవల్లా అన్నది మీకు అంతుపట్టదు. తిండి మానేసి, వాంతులు, దుర్వాసనతో నీళ్ల విరేచనాలు మొదలైతే అదే పూట ఆసుపత్రికి తీసుకెళ్లండి. వాంతి, విరేచనం అయిన చోటును ఫినాయిల్‌తో తుడిస్తే పార్వో చావదు. ముందు సబ్బునీళ్లతో కడిగి, ఒక వంతు ద్రవ బ్లీచ్‌కు 30 వంతుల నీళ్లు కలిపి, అక్కడ పోసి పది నిమిషాలు ఉంచాలి.

ప్ర: సాయంత్రం ఏడయ్యేసరికి మా కుక్కపిల్లకు పూనకం వస్తుంది. చేతులు, పిల్లల మడమలు కొరికేస్తోంది. కొడితే ఇంకా మీదికి వస్తోంది.
– ఒక పాఠకుడు, భీమవరం

జ: చాలావరకు అది కోపం కాదు, నిద్ర చాలకపోవడం. ఈ వయసులో రోజుకు 18 గంటలపైనే పడుకోవాలి. వచ్చినవాళ్లంతా ఎత్తుకుని ఆడిస్తుంటే ఎక్కడ పడుకుంటుంది? గంట ఆడాక చీకటిగా ఉన్న మూలలో వదిలేయండి. కొరికినప్పుడు చెయ్యి విసురుగా లాగితే దానికి అదే ఆట. కొడితే పోట్లాట. కదలకుండా ఆగి, లేచి, అరనిమిషం గది బయట ఉండి రండి. ప్రతిసారీ, ఇంట్లో అందరూ ఇలాగే చేయాలి. ఒక్కరు చేతులతో ఆడించినా మిగతావాళ్ల శ్రమంతా వృథా (ఆ ఒక్కరు చాలా ఇళ్లలో ఇంటాయనే). పాలపళ్లు నాలుగో నెల నుంచి ఊడతాయి. అప్పుడు తడిగుడ్డను ముడివేసి ఫ్రీజర్‌లో గంటసేపు ఉంచి, మీ కళ్లెదుటే కొరకనివ్వండి. పాత చెప్పు ఇవ్వొద్దు. పాతదేదో కొత్తదేదో దానికి తెలియదు.

కొరికి రక్తం వస్తే ‘పసికూనే కదా’ అని వదిలేయకండి. ధారగా పారే నీళ్లకింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదేరోజు డాక్టరుకు చూపించండి.

ప్ర: మేం శాకాహారులం. పెరుగన్నం ఒక్కటే పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, నంద్యాల

జ: సరిపోదు. మాంసకృత్తులు, కాల్షియం చాలక ఎముకలు బలహీనపడతాయి, కాళ్లు వంకరపోవచ్చు. కుక్కపిల్లల కోసమే తయారైన ప్యాకెట్ తిండి రోజుకు మూడు నాలుగుసార్లు పెట్టి, దాని పైన రెండు చెంచాల పెరుగన్నం వేయండి. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర, సాంబారు పెట్టకూడదు. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. లడ్డూలోనూ కిస్‌మిస్ ఉంటుందని చాలామందికి గుర్తుండదు.